గుండె జబ్బు వచ్చిన ఇంట్లో రెండో గిన్నె వద్దు

ఒడిశా అంచున ఉన్న మా పర్లాకిమిడిలో ఎవరికైనా గుండెపోటు వచ్చి, విశాఖపట్నం తీసుకెళ్లి, స్టెంట్ (మూసుకున్న గుండె నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేయించి ఇంటికి తెచ్చాక మొదట జరిగే పని ఒకటుంది. పొయ్యి మీద రెండో గిన్నె ఎక్కుతుంది. ఆయనకు ఉప్పూ కారం నూనె లేని కూర విడిగా, మిగతా ఇంటికి ఎప్పటి కూర ఎప్పటిలాగే. అది ప్రేమతో చేసే పనే, కాదనను. కానీ నేను చూసినంతలో ఆ రెండో గిన్నె ఎక్కువ కాలం నిలవదు. నిలిచినా చేయాల్సిన మేలులో సగం కూడా చేయదు. ఇంటిల్లిపాదికీ ఒకే గిన్నె ఉండాలి, మారాల్సింది ఆ గిన్నే అని నా వాదన.

మా పెదనాన్న ఇంట్లో ఇది దగ్గరుండి చూశాను. స్టెంట్ పడ్డాక పెద్దమ్మ పూటకు రెండు కూరలు వండేది. ఆయన కంచంలో చప్పటి బీరకాయ, పక్కన మనవడి కంచంలో బంగాళాదుంప వేపుడు. "ఒక్క ముక్క ఇటు వెయ్యి" అనేవాడు. ఆ ముక్క కొన్నాళ్లకు గుప్పెడైంది. పండగ పూట చప్పిడి తిండి ఏమిటని పెద్దమ్మే ఆవకాయ వడ్డించింది. ఆ తర్వాత "నాకిప్పుడు బాగానే ఉంది కదా" అన్నాడు, రెండో గిన్నె అటకెక్కింది. ఇందులో ఆయన్ని గానీ ఆవిణ్ని గానీ తప్పు పట్టను. మన ఇళ్లలో పథ్యం కొత్త కాదు. కామెర్లకు చేస్తాం, బాలింతకు చేయిస్తాం. వాటన్నిటికీ పథ్యం విడిచే రోజంటూ ఒకటి ఉంటుంది. గుండె రక్తనాళాల జబ్బుకు ఆ రోజు రాదు. నలుగురు వేపుడు తింటున్న గదిలో కూర్చుని ఒక్క మనిషి ఏళ్ల తరబడి చప్పిడి తినాలంటే ఎవరివల్లా కాదు.

ముందు ఆ నాళాల్లో ఏం జరుగుతుందో కాస్త చెప్పాలి, ఎందుకంటే మా వైపు సగం గందరగోళం అక్కడే ఉంది. చాలామంది గుండె నాళాన్ని నల్లా గొట్టంలా ఊహించుకుంటారు: లోపల కొవ్వు పేరుకుంటుంది, నిమ్మరసం, వెల్లుల్లి, అల్లం, వెనిగర్ కలిపి కాచి తాగితే కడుక్కుపోతుంది. ఆ కషాయం తయారీ వాట్సాప్‌లో నాకు వచ్చినన్నిసార్లు పెళ్లిపిలుపులు కూడా రాలేదు. నిజానికి కొవ్వు చేరేది గొట్టం లోపలి ఖాళీలో కాదు, నాళం గోడలో. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ రేణువులు లోపలి పొర దాటి గోడలో చిక్కుకుంటాయి. వాటిని తినడానికి తెల్ల రక్తకణాలు వస్తాయి, అక్కడ వాపు మొదలవుతుంది, పైన ఒక పీచు పొర కడుతుంది. ఇది ఇరవై ఏళ్ల వయసులోనే మొదలై దశాబ్దాలు సాగే పని. ఒకనాడు ఆ పొర చిరుగుతుంది. చిరిగిన చోట నిమిషాల్లో రక్తం గడ్డకట్టి దారి మూసేస్తుంది. అదే గుండెపోటు. అలా చిరిగేది చాలాసార్లు సగం కూడా మూసుకోని చోటే. అందుకే మొన్నటిదాకా పొలం గట్టు మీద హాయిగా నడిచిన మనిషి ఉన్నట్టుండి పడిపోతాడు. గోడలో ఉన్నదాన్ని కడిగే కషాయం లేదు. బీపీ, ఎల్‌డీఎల్, షుగర్, పొగాకు తగ్గిస్తే ఆ పొర గట్టిపడుతుంది, కొత్తవి పుట్టడం తగ్గుతుంది. స్టెంట్ వేసింది ఒక్క చోటే కదా, ఆ మనిషి ఒంట్లో నాళాలన్నీ అదే తిండితో పెరిగినవి.

ఆ ఇంట్లో మిగతావాళ్ల నాళాలూ అంతే.

ఇక మా తిండి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం అటు, ఇప్పటి ఆంధ్ర వైపు, ఉండిపోయింది. గీత మ్యాపు మీద పడింది గానీ వంటిళ్లలో పడలేదు. పొద్దున్న ఇడ్లీ, ఉప్మా, లేదా బండి మీద బరా (మినప వడ), ఘుగుని (బఠాణీ కూర), పూరీ. మధ్యాహ్నం ఉప్పుడు బియ్యం అన్నం కుప్పగా, దానిలోకి పప్పు గానీ దాల్మా గానీ, ఒక వేపుడు, ఆవకాయ, బరంపురం అప్పడం. ఎండాకాలం వస్తే పఖాళ, అంటే మన చద్దన్నమే, దాంతో వడియాలు, ఎండుచేప, పచ్చిమిరపకాయ, ఇంత ఉప్పు. రాత్రి మళ్లీ అన్నం. రెండు వంటల్లోనూ మంచి సరుకు ఉంది. దాల్మాలో పప్పూ గుమ్మడికాయా అరటికాయా మునక్కాయా కలిసి ఉడికినట్టు ఇంకే కూరలో ఉడుకుతాయి? తాలింపు కూడా చిన్నదే. చిక్కు ఎక్కడంటే, రెండు వైపుల ఉప్పు కూడా మాకే వచ్చి పడింది.

ఉప్పు దగ్గర కాస్త ఆగుతాను. కొలెస్ట్రాల్ పేరు చెబితే భయపడే మనిషి ఉప్పు మాటెత్తితే నవ్వేస్తాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది రోజుకు 5 గ్రాముల లోపు, అంటే టీ చెంచాడు కంటే తక్కువ. మన దేశంలో సగటున తినేది దానికి రెట్టింపు దగ్గర్లో ఉంది. కంచంలో దీన్ని కొలవలేం, కానీ ఇంటి లెక్కలో కొలవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు ఐదుగురుంటే నెలకు ముప్పావు కిలో. కిలో ప్యాకెట్ నలభై రోజులు రావాలి. అది కూడా పచ్చళ్లు, అప్పడాలు, ఎండుచేపలు, బయట తిన్న బరా, బిస్కెట్లు అన్నీ ఆ లెక్కలోనే. మీ ఇంట్లో ప్యాకెట్ ఎన్ని రోజులకు అయిపోతుందో దాని మీద విప్పిన తేదీ రాసి చూడండి. పెద్దమ్మ రాసింది. నెల తిరక్కుండానే ఖాళీ ప్యాకెట్ నాకు చూపించి, "ఇందులో ఎండల్లో ఆవకాయకి కొన్న రాళ్ల ఉప్పు లేదురా" అంది. అప్పడాల పిండిలో కలిపే పాపడ్ ఖార్, బజ్జీల్లో వేసే తినేసోడా కూడా సోడియమే, నాలుకకు ఉప్పగా తగలవు, అంతే తేడా.

ఒంట్లో ఉప్పు పెరిగితే నీరు నిలుస్తుంది, నాళాల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి రోజూ పడే చోటే లోపలి పొర దెబ్బతిని కొవ్వు చేరడానికి దారి దొరుకుతుంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశమంతా తిరిగి చేసిన, 2023లో వచ్చిన సర్వేలో పెద్దవాళ్లలో 35 శాతానికి పైగా బీపీ ఉన్నవాళ్లే తేలారు. ప్రతి మూడో మనిషి. మీ ఇంట్లో భోజనానికి కూర్చున్న వరుసలో ఆ మూడో మనిషి ఎవరో మిషన్ పెడితే గానీ తెలియదు.

రెండో గిన్నె మీద నా వాదనకు గట్టి సాక్ష్యం చైనా పల్లెల నుంచి వచ్చింది. 2021లో ఫలితాలు వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో 600 ఊళ్లలో సుమారు 21 వేల మందిని తీసుకున్నారు. అప్పటికే పక్షవాతం వచ్చినవాళ్లు, లేదా అరవై దాటి బీపీ ఉన్నవాళ్లు. సగం ఊళ్లలో మామూలు ఉప్పు బదులు నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. ఆ ఉప్పు రోగికి విడిగా చిన్న డబ్బాలో ఇవ్వలేదు. ఇంటి వంట మొత్తానికీ సరిపడా ఇచ్చారు. ఐదేళ్ల దగ్గర్లో చూస్తే పక్షవాతం 14 శాతం తగ్గింది, మరణాలు 12 శాతం తగ్గాయి. పెరూలో ఇంకో అడుగు ముందుకేశారు. ఆరు పల్లెల్లో ఇళ్లతో పాటు కిరాణా కొట్లలో, పూటకూళ్ల హోటళ్లలో కూడా ఉప్పు మార్చేశారు. బీపీ లేనివాళ్లకు కొత్తగా బీపీ రావడం దాదాపు సగానికి పడిపోయింది. ఎవరినీ చప్పిడి తినమనలేదు, పక్కవాడి కంచం వైపు ఆశగా చూసే అవసరం రానివ్వలేదు.

అలాంటి లో సోడియం ఉప్పు మన దగ్గరా దొరుకుతుంది, ధర ఎక్కువ. కొనే ముందు ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ లాంటి బీపీ, గుండె మాత్రలు వేసుకునేవాళ్లు ఇంట్లో ఉంటే డాక్టర్ని అడక్కుండా ఆ ఉప్పు తేవద్దు, రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. పక్కనే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు కిడ్నీ జబ్బుల సంగతి తెలిసిన మాకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. పెద్దమ్మ ఇంట్లో గిన్నె ఒకటయ్యాక కూడా అందుకే ఆ ఉప్పు జోలికి పోలేదు. కూరలో ఉప్పు కొంచెం కొంచెంగా అందరికీ తగ్గిస్తూ, పులుపు పెంచింది: చింతపండు, నిమ్మకాయ, మామిడికాయ కాలంలో మామిడి ముక్క. కంచంలో విడిగా ఉప్పు పెట్టడం మానేసింది. కొన్ని వారాలు గడిస్తే నాలుకే సర్దుకుంటుంది. ఒక్కసారిగా తీసేస్తేనే తిరుగుబాటు వస్తుంది.

"ఎండలో చెమటోడ్చేవాడికి ఉప్పు వద్దా?" అని మా మావయ్య అడుగుతాడు. ఆయన అడిగింది సబబే. ఎండలో నాట్లు వేసే మనిషికి గంజిలో ఇంత ఉప్పు కావాలి. కానీ అడిగే మావయ్య కొట్లో ఫ్యాన్ కింద కూర్చుంటాడు.

తర్వాత అన్నం. గుండె జబ్బు అనగానే మనవాళ్లు నెయ్యి ఆపుతారు, గుడ్డు ఆపుతారు, అన్నం కుప్ప మాత్రం అలాగే ఉంటుంది. ఐసీఎంఆర్ వాళ్ల 2025 లెక్కలో మన దేశంలో తిండి నుంచి వచ్చే శక్తిలో 62 శాతం పిండిపదార్థాలదే, అందులో ఎక్కువ భాగం తెల్లన్నం, గోధుమపిండి, చక్కెర. దీని ఫలితం రక్తపరీక్ష కాగితంలో కనిపిస్తుంది: ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు) ఎక్కువ, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ తక్కువ, ఒళ్లు సన్నగా ఉన్నా ముందుకొచ్చిన పొట్ట. మన జాతి వాళ్లకు నడుము కొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్తపడాలని చెబుతారు. దర్జీ టేపుతో చూసుకోవచ్చు, ల్యాబ్‌తో పని లేదు.

ఇక్కడ చోళ్ల (రాగుల) గురించి ఒక మాట, అభిమానులు కోప్పడకూడదు. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టాక కొండల మీది మాండియాకు, అంటే ఈ చోళ్లకే, గౌరవం వచ్చింది, సంతోషం. చోడి అంబలి తాగి కొండెక్కి దిగిన సవర ముసలాళ్లను చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ మా వీధిలో జరుగుతున్నదేమిటి? పొద్దున్న మెత్తటి చోడిపిండి జావ, అందులో బెల్లం, గంట తర్వాత ఇడ్లీ, మధ్యాహ్నం ఎప్పటి అన్నమే. అన్నానికి బదులు తినాల్సినదాన్ని అన్నానికి తోడుగా తింటున్నాం. చోళ్లలో పీచు, కాల్షియం ఉన్నాయి నిజమే, అయినా అదీ పిండే. కొండెక్కి దిగడం మానేసి అంబలి ఒక్కటే తెచ్చుకుంటే సరిపోదు. పెద్దమ్మ ఇంట్లో నేను పట్టుబట్టి చేయించింది చాలా చిన్న మార్పు: అన్నం హస్తం ఒకటి తగ్గించి ఆ చోటును పప్పుతో, కూరతో నింపడం. సంతకు వచ్చే కందులు, ఉలవలు, అలసందలు, తోటకూర, గుమ్మడికాయ, మునగాకు. మునగాకు పెరట్లో ఊరికే పెరుగుతుంది. పప్పులు మాత్రం ఊరికే రావు. అన్నం ఎందుకు కుప్పగా తింటాం అంటే అదే చవక గనుక. రేషన్‌లో బియ్యం వచ్చినంత సులువుగా పప్పు రాదు. ఆ సంగతి పక్కనపెట్టి పేదింటికి ఆహార సలహా ఇచ్చేవాళ్లంటే నాకు మంట. ఉలవలు కందిపప్పు కంటే చవకగా దొరుకుతాయి గనుక మా మాటల్లో ఎక్కువగా ఉలవలే వస్తాయి.

చద్దన్నం సంగతి అడుగుతారు. రాత్రంతా నీళ్లలో చల్లబడిన అన్నంలో కొంత పిండి తేలిగ్గా అరగని రూపంలోకి మారుతుంది, షుగర్ కాస్త నెమ్మదిగా పెరుగుతుంది. ఆ లాభం చిన్నది. పక్కన పెట్టుకునే ఎండుచేప, వడియాలు, ఉప్పు కలిస్తే లాభం పోయి నష్టం మిగులుతుంది. ఉల్లిపాయ, పెరుగు, ఉడికించిన కూరతో తింటే పఖాళను తీసిపారేయాల్సిన పనేం లేదు.

నూనె గొడవ నాకు విసుగు. ఒడియా ఇళ్లలో ఆవనూనె గొప్ప, మన ఇళ్లలో నువ్వుల నూనె, వేరుశనగ నూనె గొప్ప. ఈ మూడింట్లో ఏదైనా సరే, తక్కువ వాడితే చాలు. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే, అది ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది. చవక కాబట్టి బండ్ల మీద అదే ఉంటుంది, నల్లబడేదాకా కాగుతూనే ఉంటుంది. డాల్డా లాంటి వాటిలోని ట్రాన్స్ కొవ్వును 2022 నుంచి 2 శాతానికి కట్టడి చేశారు, అది మంచి పని. ఇంట్లో మూకుడు పెట్టే రోజులు తగ్గించుకోవడం మన చేతిలో పని.

పొగాకు గురించి ఇంత చర్చ కూడా అక్కర్లేదు. చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలు మా వైపు ఇంకా ఉన్నారు. పళ్లు తోమే పేరుతో గుడాఖు అనే పొగాకు ముద్ద రుద్దుకునేవాళ్లు ఉన్నారు, అందులో ఆడవాళ్లూ ఉన్నారు. గంజాం నుంచి సూరత్ మగ్గాల మీదికి వెళ్లే కుర్రాళ్లు నైట్ షిఫ్టులో నిద్ర రాకుండా ఖైనీ వేస్తారు. పొగాకు నాళాన్ని బిగిస్తుంది, లోపలి పొరను పాడు చేస్తుంది, రక్తం గడ్డకట్టడాన్ని పెంచుతుంది. ఉప్పు సగం తగ్గించి చుట్ట ఉంచుకుంటానంటే ఆ బేరం కుదరదు. చుట్ట కాల్చేది ఒకడైనా పొగ పీల్చేది ఇల్లంతా, ఇక్కడా రెండో గిన్నె లేదు.

నడక సంగతి అందరికీ తెలిసిందే: వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగేంత కానీ పాడలేనంత వేగంతో. మగవాళ్లు పొద్దున్నే తువ్వాలు చుట్టుకుని వెళ్లిపోతారు. పెద్దమ్మ ఎప్పుడు వెళ్తుంది? ఆ వేళకు ఆవిడ రెండు కూరలు వండుతోంది. ఒక్క కూర అయ్యాక సాయంత్రం గుడిదాకా, అక్కణ్నుంచి ఇంకొంచెం దూరం నడవడం కుదిరింది.

తిండి మార్చామని మాత్రలు ఆపడం ఇంకో పెద్ద జబ్బు. స్టెంట్ వేశాక ఇచ్చే రక్తం పలచబరిచే మాత్రలు చెప్పకుండా ఆపితే ఆ స్టెంట్‌లోనే గడ్డ కట్టవచ్చు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర కూడా అంతే. ఎల్‌డీఎల్ సుమారు 39 పాయింట్లు (డెసిలీటరుకు మిల్లీగ్రాములు) తగ్గితే గుండెపోటు, పక్షవాతం లాంటివి ఐదో వంతుకు పైగా తగ్గుతాయని ఎన్నో పరిశోధనలు కలిపి తేల్చారు. తిండితో అంత తగ్గించడం చాలామందికి కుదరదు. మాకు సరిహద్దు చిక్కు ఇంకోటుంది: చీటీ విశాఖలో రాస్తారు, మందులు ఇక్కడ కొంటాం. ఆ బ్రాండు లేదంటారు, ఇంకేదో ఇస్తారు, లేదా "వచ్చే వారం రండి" అంటారు. బ్రాండు పేరు కాకుండా లోపలి మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో పెద్ద అక్షరాలతో రాయించుకుంటే ఎక్కడైనా దొరుకుతుంది. ఆ కాగితం పెదనాన్న చొక్కా జేబులో ఉంటుంది, ఇంకోటి దేవుడి పటం వెనక.

ఇంత చెప్పినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. ఒక్కడికి జబ్బు వస్తే అందరి నోళ్లూ ఎందుకు కట్టాలి? 2004లో వచ్చిన ఇంటర్‌హార్ట్ పరిశోధన 52 దేశాల్లో గుండెపోటు రోగులను చూసి, తొమ్మిది విషయాలే తొంభై శాతానికి పైగా ముప్పుతో ముడిపడి ఉన్నాయని తేల్చింది. పొగాకు, కొలెస్ట్రాల్, బీపీ, షుగర్, పొట్ట, టెన్షన్, పళ్లూ కూరగాయలు తినకపోవడం, కదలకపోవడం, మద్యం. దాన్ని నడిపిన సలీం యూసుఫ్ మన దేశంలో పుట్టినవాడే. వీటిలో చాలావరకు ఒకే ఇంట్లోవాళ్లు ఒకే కంచం నుంచి, ఒకే అలవాటు నుంచి పంచుకునేవే. అదే సమాచారంతో 2007లో చూస్తే దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు సగటు వయసు 53, మిగతా దేశాల్లో 59 దగ్గర. ఆరేళ్లు ముందు. పెదనాన్న కొడుకులకు నలభై దాటాయి. నాళం గోడలో పని వాళ్లకు ఎప్పుడో మొదలై ఉంటుంది. వాళ్ల నోరు కట్టేయడం కాదిది, వాళ్ల వంతు వచ్చేలోపు మేలుకోవడం.

పెద్దమ్మ సంగతి నాకు మరీ ముఖ్యం. ఆవిడ అందరూ తిన్నాక కూర్చుంటుంది. వేపుడు అడుగంటినది, ఆవకాయ, చారు కలిపి అన్నం ఎక్కువగా తింటుంది, ఎందుకంటే కూర మిగలదు. రెండో గిన్నె ఉన్నన్నాళ్లూ చప్పటి కూర పెదనాన్నది, వేపుడు పిల్లలది, మిగిలింది ఆవిడది. ముట్లు ఆగాక ఆడవాళ్లకు గుండె ముప్పు వేగంగా పెరుగుతుంది. పైగా వాళ్లకు నొప్పి ఛాతీలోనే రావాలని లేదు. ఆయాసం, దవడ నొప్పి, వీపు నొప్పి, చల్లటి చెమట, చెప్పలేని నీరసం. "గ్యాస్" అని సోడా తాగి పడుకుంటారు. అలాంటప్పుడు పావుగంట కూడా ఆలోచించకుండా 108కి ఫోన్ చేసి ఈసీజీ తీయించాలి. ఎంత తొందరగా దారి తెరిస్తే అంత గుండె కండరం మిగులుతుంది.

ముప్పై దాటినవాళ్లకు బీపీ, షుగర్ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఊరికే చూస్తారు. పెద్దమ్మను తీసుకెళ్తే బీపీ పై అంకె 168 వచ్చింది. ఇంట్లో ఆ జబ్బు ఉందని ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరూ చూడలేదు. ఇప్పుడు ఆవిడ కూడా మాత్ర వేసుకుంటోంది. పెద్ద కొడుకు నడుము 98 సెంటీమీటర్లు ఉంది, రక్తపరీక్ష ఇంకా చేయించుకోలేదు, "సంక్రాంతి అయ్యాక" అంటున్నాడు. చిన్నవాడు చేయించుకున్నాడు, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువొచ్చాయి, ఘుగుని బండి దగ్గర పూరీలు తగ్గించాడట. తగ్గించాడో లేదో నేను బండివాణ్నే అడగాలి.